బండిని చీకట్లో తీసుకోండి
శ్రీశైలం దారిలో అడవిపందిని గుద్దిన కారు టింకరింగ్ షెడ్డు నుంచి ఇంటికొస్తే అందరూ ముందు చేసే పని బానెట్ మీద చెయ్యి రాసి చూడటం. రంగు కలిసిందా, లప్పం నున్నగా పట్టిందా, అదే చర్చ. నన్నడిగితే రంగు ఆఖరున చూడాల్సింది. అసలు రిపేరైన బండిని పగటిపూట తీసుకోవడమే తప్పు. అడవిపంది పొట్టిది, బరువైనది. దెబ్బ బంపర్ కింది అంచున తగిలి, వెనకున్న ఏసీ కండెన్సర్‌నీ, రేడియేటర్‌నీ, వాటిని పట్టుకున్న చట్రాన్నీ లోపలికి నెడుతుంది. చాలా కార్లలో హెడ్‌లైట్లకు ఆనిక కూడా అక్కడే. చట్రం కాస్త వంకరగా ఉండిపోయినా కొత్త ప్లాస్టిక్ బంపర్ కప్పేస్తుంది. వెలుగు మాత్రం రోడ్డు వదిలి చెట్ల మీద పడుతుంది. అందుకే పొద్దుగూకాక వెళ్లి, చదును నేల మీద గోడకు 25 అడుగుల దూరాన బండి ఆపించి, డిమ్‌లో రెండు లైట్లూ ఒకే ఎత్తున పడుతున్నాయో లేదో చూశాకే బిల్లు మాట ఎత్తుతాను. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనీ. శ్రీశైలం దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేలోపు దాటాలని అడవిలోకి దూసుకుపోయేవాళ్లకు దారి చూపాల్సింది ఆ లైట్లే. కూలెంట్ కారుతోందేమో తెల్లారి బండి కిందకి వంగి చూస్తే తెలుస్తుంది. రంగు గురించి ఆ తర్వాత తీరిగ్గా పోట్లాడుకోవచ్చు.