తాళాల చప్పుడుకు ఇవతల

పోయిన నెల మా ఊరి మందిరంలో రామభజనం జరిగింది. దీపం చుట్టూ అడుగులు వేస్తూ తెల్లవార్లూ పాడటం మారిషస్ తెలుగువాళ్ళకు ముత్తాతలు ఇచ్చిన సొత్తు. తాళాలు మొదలైన పావుగంటకే నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి తన ఎనిమిదేళ్ళ కొడుకును తీసుకుని బయటికి వచ్చేసింది. బాబుకు ఆటిజం. మనకు ఇంపుగా ఉండే ఆ మోత వాడి చెవుల్లో గుచ్చుకుంటుంది. చెవులు మూసుకుని కారు వెనకాల చతికిలబడ్డాడు.

ఒక పెద్దావిడ వచ్చి మంచి మనసుతోనే అంది: "దిగులు పడకమ్మా. నువ్వు ఓర్చుకోగలవనే దేవుడు వీణ్ణి నీకిచ్చాడు. కృతజ్ఞతగా ఉండు." అమ్మాయి తల ఊపింది. ఆవిడ వెళ్ళాక నాతో, "అక్కా, ఆ మాట విన్నప్పుడల్లా ఇక ఏడవకూడదు కాబోలు అనిపిస్తుంది" అంది.

నాకు సిగ్గేసింది. అదే మాట నేనూ ఆమెతో ఒకప్పుడు అన్నాను.

కృతజ్ఞత మనసుకు మేలు చేస్తుందన్నది ఉత్తమాట కాదు. అమెరికాలో ఎమన్స్, మెకల్లా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థుల చేత వారానికోసారి, తాము కృతజ్ఞత పడే సంగతులు ఐదు దాకా రాయించి చూశారు. చిరాకులు రాసినవాళ్ళకంటే వీళ్ళకు బతుకు మీద తృప్తి ఎక్కువగా ఉందని 2003లో ప్రకటించారు. సరే, వాళ్ళు కాలేజీ పిల్లలు. రాత్రి మూడింటిదాకా బిడ్డతో మేలుకున్న తల్లులు కారు! అయినా ఒకటి గమనించండి: ఏం రాయాలో ఎంచుకున్నది రాసినవాళ్ళే. పక్కింటివాళ్ళు కాదు.

ఈ అమ్మాయీ ఒక నోటుబుక్కులో రాసుకుంటుంది. చూపించింది. "మంగళవారం: బస్సు డ్రైవరు అడగకుండానే రేడియో తగ్గించాడు." "గురువారం: ఫరాతాతో కొత్త కూర తిన్నాడు, రెండు ముద్దలు." "శనివారం: ఏమీ లేదు. అలసిపోయాను." ఆ శనివారం కొట్టేయమనబోయి ఊరుకున్నాను. అది ఉండబట్టే మిగతావి నమ్మబుద్ధయింది.

తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని 1950, 60లలో డాక్టర్లే కొందరు అన్నారు. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. అయినా "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు?" అని అడిగేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. అలా అడిగి, ఆ నోటితోనే కృతజ్ఞతగా ఉండమంటే ఎలా?

వచ్చే భజనానికి మొదటి అరగంట తాళాలు ఆపుదామని మందిరం పెద్దల్ని అడిగాను. "తాళం లేని భజనమా!" అన్నారు ఒకరు. ఇంకా తేలలేదు. ఈలోగా ఆదివారం మధ్యాహ్నాలు నేను బాబు దగ్గర కూర్చుంటున్నాను, ఆమె నిద్రపోతుంది. వాడు తలుపు తీస్తాడు, మూస్తాడు, మళ్ళీ తీస్తాడు. నేను లెక్కపెడతాను. నూరు దాటితే వాడు నా వైపు చూసి నవ్వుతాడు.