అచ్చు ముచ్చట్లు: ‘అమ్మ’ విడిపోయిన వైనం

గత సంచికలో ఒక పుటనిండా ఒత్తులు విడిపోయి, ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అయింది. “మా మనుమరాలు తెలుగు చదివేది మీ పత్రికలోనే నాయనా!” అని ఒక అమ్మమ్మగారు మందలించారు. తప్పు మాదే. ఇన్‌డిజైన్‌లో కొత్త ఫైలు తెరిచి, పేరా స్టయిల్‌లో వరల్డ్-రెడీ కంపోజరు ఎంచుకొనడం మరిచాము.

ఇది నెలనెలా జ్ఞాపకముంచుకొనే పని కాదు. ఫైళ్లన్నీ మూసివేసి, ఏదీ తెరవకుండానే ఆ స్టయిల్ తయారుచేస్తే, ఇకమీదట తెరిచే ప్రతి కొత్త ఫైలులోనూ అది సిద్ధంగా ఉంటుంది. పాతవాటికి మాత్రం రాదు. వాటిలోకి ‘లోడ్ పేరాగ్రాఫ్ స్టయిల్స్’ ద్వారా తెచ్చుకోవాలి. ప్రిఫరెన్సులు రీసెట్ చేశామో, ఈ అమరిక చెరిగిపోతుంది! అందుకని టెంప్లేటుగా ఒక ప్రతి దాచాము. ఇంట్లోనే శుభలేఖలు కూర్చుకొనేవారు అడిగితే పంపగలము.