ఇటుకలో దాచిన వేడిమి

పండిన ధాన్యమును గాదెలో దాచుకొనుట మన రైతులకు తాతతండ్రులనాటి విద్య. వేడిమిని దాచుకొను విద్య మాత్రము ఇంకను నేర్వవలసియున్నది. వర్జీనియా పొగాకు పండించు సభ్యులకు ఇది మిక్కిలి యవసరమని మా యభిప్రాయము.

బ్యారన్‌లో ఆకు క్యూరింగునకు అయిదారు దినములు రాత్రింబగళ్లు వేడి యెడతెగక యుండవలెను. ఇందులకై సరుగుడు, జామాయిలు, తుమ్మకట్టెలను బండ్లకొలది కాల్చుచున్నాము. ఎండవలన పుట్టు విద్యుత్తు పగటివేళ లభించును గాని రాత్రికి నిలువదు. పగటి వేడిని రాత్రికి నిలుపు సాధనము కావలెను.

అట్టి సాధనము క్రొత్తది కాదు. 1857లో కౌపరు అను ఆంగ్లేయ ఇంజనీరు కొలిమికి పంపు గాలిని కాచుటకై, వేడిని పట్టియుంచు అగ్నియిటుకల పొయ్యికి పేటెంటు పొందెను. ఇనుప కర్మాగారములలో నేటికిని ఆ పద్ధతియే నడచుచున్నది. జర్మనీలోని యూలిష్ పట్టణమున 2009లో నెలకొల్పిన సౌరగోపురమున, ఎండతో కాగిన గాలి వేడిని సెరామిక్ దిమ్మెలలో నిలిపిరి.

ఒక టన్ను ఇటుకను 200 నుండి 800 సెంటీగ్రేడు డిగ్రీలవరకు కాచినచో రమారమి 165 యూనిట్ల విద్యుత్తునకు సమానమైన వేడి అందు నిలుచును. ఇది 40 కిలోల ఎండుకట్టెలోని వేడికి సాటి. బ్యారన్‌కు 70 డిగ్రీలు చాలును గదా, 800 డిగ్రీలేల యని కొంద రడుగవచ్చును. ఇటుక ఎంత యెక్కువ కాగిన అంత తక్కువ ఇటుకతో పని జరుగును. వెలువడు గాలిలో చల్లనిగాలి కలిపి తగిన వేడికి దింపుకొనవచ్చును.

చిక్కంతయు ఇటుక మన్నికయందే యున్నది. ఇసుకపాలు హెచ్చుగా నున్న ఇటుకలోని స్ఫటికము 573 డిగ్రీలవద్ద హఠాత్తుగా నుబ్బును, చల్లారునపుడు ముడుచుకొనును. దినదినము ఇట్లు జరిగినచో ఇటుక పగిలి పొడియగును. అల్యూమినా హెచ్చుగా గల ఇటుక దీనికి తట్టుకొనును గాని దాని వెల సన్నకారు రైతునకు అందునది కాదు. కావున గోదావరి మండలపు అగ్నిమట్టితోను, ఉష్ణవిద్యుత్కేంద్రముల బూడిదతోను చౌకయైనట్టియు మన్నికయైనట్టియు ఇటుకను సిద్ధపరచుట మన శాస్త్రజ్ఞుల విధి. మట్టి మనది, బూడిద మనది. పరిశోధనయు మన అక్కరను బట్టియే సాగవలెను.

సంఘములకు మేము చెప్పునది ఒకటి. అమ్మకందారు మాటలు నమ్మి ఏ సభ్యుడును అప్పుచేసి ఇటుకల పొయ్యి కొనరాదు. దినమున కొకసారి కాచి చల్లార్చు ఇటుక పదేండ్లలో 3,650 మారులు ఆ పరీక్షకు నిలువవలెను. ఎన్ని మారులకు నిలిచినదో వ్రాతమూలకముగ చూపుమని అడుగుడు. ముందుగా సంఘము పక్షమున ఒక్క బ్యారన్‌ను నడిపి, కట్టె ఖర్చును, కరెంటు ఖర్చును, పగిలిన ఇటుకల లెక్కను మహాసభలో చదివించుడు. నష్టము వచ్చిన పదిమందికి పంచుకొనవచ్చును. లాభము వచ్చిన ఊరంతకును దారి దొరకును. సహకారమునకు ఇంతకన్న తగిన పని వేరొకటి లేదు.