సగటు పిల్లోడు ఏ తరగతి?

2019 నవంబరులో జీవో 81 వచ్చినప్పుడు తెలుగు సాహిత్యకారులందరికీ సర్కారు బడి గుర్తొచ్చింది. ఇంగ్లీషు మీడియమా, తెలుగా అని ఎన్ని వ్యాసాలో! నేనూ ఒకటి రాసినా. 2022 జూన్‌లో జీవో 117 వచ్చి, 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకు తరలించమన్నప్పుడు టీచర్ల సంఘాలు అరిచాయి, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. మనం మాత్రం పుస్తక సమీక్షలు రాసుకుంటూ కూర్చున్నాం. ఏ భాషలో చెప్పాలనేది మనకు సిద్ధాంతం. చెప్పే మనిషి ఉన్నాడా అనేది మాత్రం ఆఫీసు వ్యవహారం!

2025లో ఆ జీవో రద్దయింది. దాని వెనకున్న లెక్క మాత్రం అట్లే ఉంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఉన్న బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు. ఇరవై మందే ఉన్నారనుకోండి, టీచరుకు పదిమంది. కాగితం మీద ఫిన్లాండే. కానీ ఆ ఇరవై మందివీ ఐదు తరగతులు. ఒక టీచరు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూనే రెండో తరగతికి కూడికలు చెప్పాలి. రెండో టీచరు మీటింగుకు పోతే మొత్తం ఐదూ ఆమెవే. నా ఉద్యోగంలో సగటు లోడు చూసి నిశ్చింతగా పడుకున్న రాత్రే సర్వర్ కూలింది. సగటంటే నాకు అప్పట్నుంచీ భయం.

"పిల్లల్లేని బడికి టీచరేంటికి?" అని అడుగుతారు, మా కడపలోనూ అడుగుతారు. తరగతికో టీచరు లేడనే కదా, ఫీజు కట్టగలిగినోళ్లు పిల్లల్ని పచ్చ బస్సెక్కించింది! వాళ్లు పోయాక సంఖ్య తగ్గిందని ఇంకో పోస్టు ఎత్తేస్తారు. మిగిలేది కూలోళ్ల పిల్లలే.

ఆ పిల్లలైనా ఏడాదంతా ఉంటారా? కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం వైపు వానలు మొండిచేయి చూపితే కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతాయి. పిల్లోళ్లూ వెంట పోతారు. యూడైస్ లెక్కకు ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. మిరప కోతలు సంక్రాంతి తర్వాత ముమ్మరం. రిజిస్టర్లో పేరుంటుంది, బెంచీ మీద పిల్ల ఉండదు.

పోస్టులు తలల్ని బట్టి కాదు, తరగతుల్ని బట్టి ఇవ్వండి. ఫిబ్రవరిలో ఇంకోసారి లెక్క కట్టండి, పోస్టులు కోయడానికి కాదు, వచ్చే ఏడు ఏ ఊళ్లో సీజనల్ హాస్టల్ కావాలో తెలుసుకోడానికి. ఆ హాస్టల్ కూడా అవ్వాఅబ్బలు లారీ ఎక్కకముందే తెరవాలి, ఎక్కినాక కాదు.