తూఫాన్లకు తూర్పున చోటు

హైదరాబాద్ పేరుతో ఒక హాకీ జట్టు ఉందన్న సంగతి ఈ నగరంలో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పేమీ కాదు. ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్‌ను 2024 అక్టోబరులో మళ్లీ ప్రకటించినప్పుడు కొత్తగా చేరిన జట్లలో హైదరాబాద్ తూఫాన్స్ ఒకటి. యజమాని రెజల్యూట్ స్పోర్ట్స్. తొలి సీజన్‌లోనే ఫైనల్ దాకా వెళ్లింది. 2025 ఫిబ్రవరి 1న రాఢ్ బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడి రన్నరప్‌గా నిలిచింది. ఆ ఫైనల్ జరిగింది రూర్కెలాలో. అంతకుముందు ఆడిన మ్యాచులూ రూర్కెలాలోనో రాంచీలోనో జరిగినవే. మరుసటి సీజన్‌లో పురుషుల లీగ్ చెన్నై, రాంచీ, భువనేశ్వర్ మధ్య తిరిగింది. జట్టు పేరులో హైదరాబాద్ ఉంది గానీ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ లేదు. ఇది ఇలాగే సాగితే జెర్సీ మీద అక్షరాలకు మించి ఈ ఊరికీ ఆ జట్టుకూ చుట్టరికం ఏర్పడదు. జట్టుకు ఇక్కడ సొంత మైదానం కావాలి. అది గచ్చిబౌలిలోనో, ఔటర్ రింగ్ రోడ్డు అవతలో కాకుండా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్యన ఉండాలన్నది నా వాదన.

లీగ్ మొత్తాన్ని రెండు మూడు ఊళ్లలో ముగిస్తున్నప్పుడు ఒక్కో జట్టుకు సొంత మైదానం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ రెండు మూడు ఊళ్లు ఎలా ఎంపికయ్యాయో చూస్తే జవాబు దొరుకుతుంది. రూర్కెలాలో 20 వేల మందికి పైగా కూర్చునే బిర్సా ముండా స్టేడియాన్ని 2023 ప్రపంచ కప్ కోసం కట్టారు, అందుకే లీగ్ అక్కడికి వెళ్లింది. చెన్నైలో ఎగ్మోర్ దగ్గర మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం ఉంది. పది వేల లోపు సీట్లు, పక్కనే రైల్వే స్టేషన్. 2023 ఆగస్టులో ఏషియన్ చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో మలేసియాను భారత జట్టు ఓడించింది అక్కడే. టర్ఫు, ఫ్లడ్‌లైట్లు, గ్యాలరీ సిద్ధంగా ఉన్న ఊరికే ఆట వస్తుంది. ఆట వచ్చాక కడదామని కూర్చున్న ఊరికి రాదు. ఈ విషయంలో హైదరాబాద్‌కు పాత అనుభవమే ఉంది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ మొత్తం గచ్చిబౌలిలో జరిగితే టైటిల్ గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్. ఆ తర్వాత 2012లో వచ్చిన వరల్డ్ సిరీస్ హాకీలో గానీ, 2013లో మొదలైన హాకీ ఇండియా లీగ్ తొలి దశలో గానీ మన ఊరి పేరే లేదు. ముఖేష్ కుమార్ లాంటి మూడు ఒలింపిక్స్ ఆటగాణ్ని ఇచ్చిన నగరం ఇది.

శివారులో స్టేడియం కట్టడం కొత్త ప్రయోగం కాదు. ఐస్ హాకీకి అలవాటుపడిన ఉత్తర అమెరికా ఈ పని చాలాసార్లు చేసింది, చాలాసార్లు చేతులు కాల్చుకుంది. కెనడా రాజధాని ఒట్టావాకు 1990లో కొత్త జట్టు మంజూరయ్యేనాటికే యజమానులు ఊరికి పడమర కనాటాలో పొలాలు చూశారు. భూమి చౌక, చుట్టూ వెంచర్లు వేసుకోవచ్చన్న ఆశ. హాకీ మాటున జరిగే భూమి బేరం మన వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను. ప్రావిన్స్ స్థాయి బోర్డు ఆ వెంచర్లకు కత్తెర వేసింది, హైవే నుంచి స్టేడియానికి దిగే ఇంటర్‌చేంజ్ ఖర్చు జట్టే భరించాలంది. 1996లో స్టేడియం తెరిచారు, 2003లో జట్టు దివాలా పిటిషన్ వేసింది. ఇప్పుడు ఊరి నడిబొడ్డుకు దగ్గరగా లెబ్రెటన్ ఫ్లాట్స్‌కు రావాలని చూస్తోంది. ఫీనిక్స్ కథ ఇంకా దగ్గరి పోలిక. అక్కడి కాయోటీస్ జట్టు తూర్పున స్కాట్స్‌డేల్‌లో స్థలం కుదరక 2003 డిసెంబరులో పడమటి శివారు గ్లెండేల్‌కు వెళ్లింది. టికెట్లు కొనేవాళ్లలో ఎక్కువమంది ఉండేది తూర్పున. పని దినాల్లో సాయంత్రం ఆ మహానగరాన్ని అడ్డంగా దాటి మ్యాచ్‌కు రావాలంటే ఎవరికి ఓపిక? 2009లో దివాలా, 2022లో గ్లెండేల్ నుంచి ఖాళీ, ఐదు వేల మంది కూడా పట్టని యూనివర్సిటీ హాల్లో రెండేళ్లు. 2023 మేలో టెంపీ ఓటర్లు కొత్త స్టేడియం వద్దన్నారు. 2024లో ఆటగాళ్లను సాల్ట్‌లేక్ సిటీకి పంపేశారు.

ఆ రెండు చోట్లా జట్టును దెబ్బతీసింది దూరం ఒక్కటే కాదు, అప్పులూ యజమానుల తగవులూ ఉన్నాయి. కానీ చౌక భూమిని చూసి జనం ఎటు నుంచి వస్తారన్నది వెనక్కి నెట్టిన లెక్క రెండింటిలోనూ ఒకటే. హైదరాబాద్‌లో ఆ లెక్క ప్రకారం పోతే గచ్చిబౌలి సులువు. హాకీ స్టేడియం ఉంది, 2002 జాతీయ క్రీడల నాటి వసతులు ఉన్నాయి, 2003 ఆఫ్రో ఏషియన్ క్రీడల అనుభవం ఉంది. ప్రాక్టీసుకు వాడుకోండి, ఎవరూ కాదనరు. కానీ దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు గచ్చిబౌలికి రాత్రి మ్యాచ్‌కు ఎలా వెళ్తాడో ఒకసారి దారి గీసి చూడండి. ఎర్ర లైను మెట్రోలో అమీర్‌పేట, అక్కడ దిగి నీలం లైనులో రాయదుర్గం, ఆపైన ఆటో. పాతిక కిలోమీటర్ల దారి, మూడు బండ్లు, తిరుగు ప్రయాణంలో ఆఖరి రైలు అందుతుందో లేదోనన్న గుబులు. గచ్చిబౌలిలో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది, మూడేళ్లు దాటాక ఢిల్లీకి తరలిపోయింది. కారణం ప్రధానంగా డబ్బు ఇబ్బందులే. అయినా అంతటి విజేతను పోగొట్టుకున్నప్పుడు ఊళ్లో పెద్దగా గోల వినపడలేదంటే జట్టుకు ఇక్కడ వేళ్లు ఎంత లోతుగా దిగాయో తెలుస్తూనే ఉంది.

తూర్పుకు ఉన్న బలం మెట్రో. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్ల లైనులో మలక్‌పేట, న్యూ మార్కెట్, ముసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ వరుసగా ఉన్నాయి. అమీర్‌పేట నుంచి ఇటువైపు రైళ్లు 2018 సెప్టెంబరు 24న మొదలయ్యాయి. ఆట చూడటానికి మెట్రో ఎంత ఉపయోగమో ఉప్పల్‌లో రుజువైంది. దాదాపు 39 వేల మంది పట్టే ఆ క్రికెట్ స్టేడియం దగ్గరి స్టేషన్‌కు ‘స్టేడియం’ అనే పేరు పెట్టారు, ఐపీఎల్ రాత్రుల్లో రైళ్లను పొద్దుపోయేదాకా నడుపుతారు. క్రికెట్‌కు వచ్చేంత జనం హాకీకి రారు, రానక్కర్లేదు. ఆరు వేల సీట్లు నిండితే చాలు. మూడు బోగీల మెట్రో రైలు దాదాపు వెయ్యి మందిని మోస్తుంది. ప్రేక్షకుల్లో నాలుగు వేల మంది రైలెక్కినా నాలుగైదు రైళ్ల పని. పైగా ఇక్కడ చుట్టుపక్కల హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు నిండా ఇరవై ఏళ్ల పిల్లలున్నారు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ నుంచి గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో చదువుకోవడానికి వచ్చి, సాయంత్రం ఒక పూట ఊపిరి పీల్చుకోవడానికి సినిమాకు పోయేవాళ్లు. టికెట్ సినిమా టికెట్ ధర దాటకపోతే ఆ ఒక పూట హాకీకి వస్తారు. వీళ్లకు హాకీ తెలియదంటారా? ప్రో కబడ్డీ వచ్చాకే కదా మన పిల్లలకు రైడర్ల పేర్లు నోటికి వచ్చింది.

తూర్పు అంటే ఎక్కడ అన్నదే అసలు చిక్కు. మొదట అందరి చూపూ ఎల్బీనగర్ చౌరస్తా మీద పడుతుంది. ఆ ఆశ వదులుకోవాలి. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వేశాక అక్కడ మిగిలింది స్తంభాల మధ్య చోటే. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు అక్కడే చీలతాయి. పక్కనే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం వైపు తరలిపోయాక దొరికిన 21 ఎకరాల పైచిలుకు జాగాలో టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్‌లో పునాది వేశారు. ఆట కన్నా ఆస్పత్రి ముఖ్యం, అక్కడ వాదన లేదు. రెండోది విక్టోరియా మెమోరియల్ (వీఎం) హోం మైదానం. మెట్రో స్టేషన్ ముంగిట్లో, పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లతో, ఆదివారం ఒకదాని మీద ఒకటి పడిపోయే ఎన్నో క్రికెట్ మ్యాచులతో కళకళలాడే పచ్చని చోటు. చూడగానే స్టేడియం కట్టాలనిపిస్తుంది. కట్టకూడదు. విక్టోరియా రాణి స్మృతిగా ఆరో నిజాం కాలంలో అనాథ పిల్లల కోసం నెలకొల్పిన ఆశ్రమం భూమి అది. ఎవరి అవసరం వచ్చినా మొదట ఆ పిల్లల జాగా మీదే కన్ను పడటం బాగాలేదు, అందులో ప్రైవేటు జట్టును చేర్చడం మరీ అన్యాయం.

మిగిలింది సరూర్‌నగర్ స్టేడియం. అక్కడి ఇండోర్ హాలు ఎటూ పనికిరాదు, ఫీల్డ్ హాకీకి 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు మైదానం కావాలి. చుట్టూ అంచులు కలుపుకుంటే ఒకటిన్నర ఎకరం దాటుతుంది. హాలు పక్కన ఉన్న బహిరంగ మైదానం మాత్రం ఇప్పటికే క్రీడల పేరు మీదున్న ప్రభుత్వ స్థలం. భూసేకరణ అక్కర్లేదు. ఒకే చిక్కు, ఆ మైదానంలో ఆటల కన్నా సభలు ఎక్కువ గుర్తుంటాయి. 2023 మే 8న ప్రియాంకా గాంధీ యూత్ డిక్లరేషన్ సభ అక్కడే పెట్టారు, 2025 సెప్టెంబరులో గిన్నిస్ రికార్డు కోసం భారీ బతుకమ్మ అక్కడే పేర్చారు. టర్ఫు పరిచాక దాని మీద కుర్చీలు వేయడం, వేదిక కోసం గుంజలు పాతడం కుదరదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ మాటే చేదుగా ఉంటుంది.

మెట్రో స్టేషన్ నుంచి ఆ మైదానానికి కొంత దూరం నడవాలి. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగగానే కాళ్లకు తగిలేది ఫుట్‌పాత్ కాదు, ఫోన్ కవర్ల బండి, జామకాయల తట్ట, సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్ అని అరిచే షేర్ ఆటో. బండ్లవాళ్లను తరిమేయమని నా ఉద్దేశం కాదు, మ్యాచ్ రాత్రి వాళ్ల వ్యాపారమే ముందు పెరుగుతుంది. వాళ్లకో వరుస, నడిచేవాళ్లకో వరుస గీసి లైట్లు పెడితే ఆ దారే సగం స్టేడియం. పార్కింగ్ కావాలనే తక్కువ పెట్టాలి. కార్లకు చోటిస్తే కార్లే వస్తాయి, అప్పుడు ట్రాఫిక్ గురించి దిల్‌సుఖ్‌నగర్ వాళ్లు పెట్టే మొర న్యాయమే అవుతుంది. ఇంకో జాగ్రత్త ఉంది. సాయంత్రం ఆరు గంటలకు మ్యాచ్ పెడితే ఆఫీసుల నుంచి ఎల్బీనగర్ వైపు ఇంటికి వచ్చే రద్దీలోనే ప్రేక్షకులూ ఇరుక్కుంటారు. ఎనిమిది దాటాక మొదలైతే రావడం తేలిక. తిరిగి వెళ్లేటప్పుడు అమీర్‌పేట వైపు రైళ్లు ఖాళీగానే ఉంటాయి.

సంక్రాంతి మాటా ఉంది. లీగ్ జరిగేది ఎక్కువగా జనవరిలో. భోగికి ముందు రెండు మూడు రాత్రులు ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సు కోసం సూట్‌కేసుల మీద కూర్చున్న జనాన్ని చూసినవాళ్లెవరూ ఆ రాత్రుల్లో అక్కడ మ్యాచ్ పెట్టమనరు. హాస్టళ్లూ ఖాళీ అయిపోతాయి. ఆ వారం జట్టు బయటి ఊళ్లలో ఆడాలి. షెడ్యూలు వేసేటప్పుడు ఒక్క ఉత్తరం రాస్తే తేలిపోయే విషయం ఇది. నీటి సంగతి అంత తేలిక కాదు. హాకీ టర్ఫును మ్యాచ్‌కు ముందు తడపాలి, ఎండాకాలం ట్యాంకర్ల కోసం క్యూ కట్టే కాలనీల మధ్య ఆ దృశ్యం చూడలేం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తక్కువ నీటితో పనిచేసే టర్ఫు వేశారు, అలాంటిది ఎంచుకుని, నాగోలులో శుద్ధి చేసిన నీటిని మరోసారి వడకట్టి వాడుకోవాలి. సరూర్‌నగర్ చెరువును మరిచిపోతే 2020 అక్టోబరు మళ్లీ గుర్తు చేస్తుంది. ఆ వానలకు చెరువు కింది కాలనీలు మునిగాయి. మైదానం ఎత్తు పెంచి ఆ నీళ్లను పక్కింటి గుమ్మంలోకి తోసే డిజైను వేసిన ఇంజనీరును ముందే ఇంటికి పంపాలి.

ఈ నగరంలో హాకీకి పుట్టినిల్లు సికింద్రాబాద్ అయితే ఎల్బీనగర్ ఎందుకన్న ప్రశ్న గట్టిదే. రైల్వే, కంటోన్మెంట్, పాత క్రిస్టియన్ స్కూళ్ల పుణ్యమా అని ఆట అక్కడ నిలిచింది. కానీ అక్కడి మైదానాల్లో ఎక్కువ భాగం రక్షణ శాఖ చేతిలోనో రైల్వే చేతిలోనో ఉన్నవి. రాత్రి పది గంటలకు ఆరు వేల మంది మామూలు జనానికి గేట్లు తెరవమంటే ఆ శాఖలకు సవాలక్ష నిబంధనలు. ప్రభుత్వం నగరం వెలుపల తలపెట్టిన ఫ్యూచర్ సిటీ సంగతి వేరు. అక్కడి బేగరికంచె దగ్గర అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కడతామని 2024 ఆగస్టులో అసెంబ్లీలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించారు. హాకీని కూడా అక్కడికే తోలుకుపోదామని ఎవరైనా అంటే వాళ్లకు కనాటా పొలాలు చూపించాలి. క్రికెట్‌కు ఎంత దూరమైనా జనం పోతారు. హాకీకి జనం దగ్గరికి మనమే పోవాలి.

కట్టాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, అద్దె కట్టాల్సింది జట్టు. లీగ్ నడిచే కొన్ని వారాలు పోగా మిగిలిన కాలమంతా టర్ఫు ఉదయం స్కూళ్లకు, సాయంత్రం క్లబ్బులకు ఇవ్వాలి, ఆ షరతు ఒప్పందంలో మొదటి పేజీలో ఉండాలి. తూఫాన్స్ యాజమాన్యం కూడా ఉచితంగా రాలేదనిపించుకోవడానికి కనీసం ఫ్లడ్‌లైట్ల ఖర్చు భరించాలి. ముందుగా క్రీడా శాఖ చేయాల్సిన పని చిన్నది. సరూర్‌నగర్ మైదానాన్ని టేపుతో కొలిచి, గ్యాలరీ పోను పిచ్‌కు చోటు సరిపోతుందో లేదో తేల్చి, సభలకు ప్రత్యామ్నాయంగా ఏ మైదానం ఇస్తారో అదే ఉత్తర్వులో రాయడం. వచ్చే సీజన్ వేదికలు ఖరారు కాకముందే ఆ కాగితం హాకీ ఇండియా బల్ల మీద ఉండాలి.