సడక్ కావాలి, తలాబ్ కూడా సలామత్‌గా ఉండాలి

మీర్ ఆలం తలాబ్ మీదుగా బ్రిడ్జి కడతారన్న ఖబర్ వచ్చినప్పటి నుంచి మా పాతబస్తీలో ఖుషీ. నాకూ ఖుషీయే. బహాదుర్‌పురా ట్రాఫిక్‌లో అంబులెన్స్ ఇరుక్కుని సైరన్ మోగిస్తుంటే, లోపల ఉన్నది ఎవరి అమ్మీయో అని దువా చేసుకోవడం తప్ప ఏమీ చేయలేం. కాబట్టి సడక్‌కు నేను ముఖాలిఫ్ కాను. నా ఫిక్ర్ అంతా అది కట్టే తరీఖా గురించే.

ఈ తలాబ్ మన బుజుర్గులు వదిలి వెళ్లిన అమానత్. నిజాం దివాన్ మీర్ ఆలం పేరు మీద 19వ సదీ మొదట్లో కట్టారు. నీటి జోర్‌ను మోసే 21 కమాన్ల కట్ట 200 ఏళ్లుగా నిలబడి ఉంది. ఉస్మాన్ సాగర్ రాకముందు షహర్‌కు తాగునీరు ఇచ్చిన తలాబ్ ఇది. ఇవాళ మురుగు, గుర్రపుడెక్క దాని మీద చేస్తున్న జుల్మ్ చాలు. పైనుంచి కన్‌స్ట్రక్షన్ మల్బా కూడా పడకూడదు.

నీళ్ల దగ్గర సడక్ పని మొదలైతే ముందు గడ్డి, చెట్లు పోతాయి. వదులైన మట్టి ఒక్క వానకే కొట్టుకొచ్చి నీళ్లలో కలుస్తుంది. నీరు మసకబారి వెలుతురు లోపలికి దిగదు, చేప గుడ్ల మీద బురద పేరుకుంటుంది. సిమెంట్ కడిగిన నీళ్లలో క్షారం ఎక్కువ, అది చేపలకు జహర్. మెషీన్ల నుంచి కారే డీజిల్ వేరే. పని కోసం వేసిన మట్టికట్టను తర్వాత తీయకపోతే తలాబ్ రెండు ముక్కలవుతుంది.

‘చేపల కోసం ఇంత బాధేంటి భాయ్?’ అనేవాళ్లు ఉంటారు. 2020 అక్టోబర్‌ను యాద్ చేసుకోండి. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ మునిగింది. పల్లె చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీ ఇళ్లలోకి వచ్చాయి. దానికి సడక్ పనే కారణమని నేను అనడం లేదు. కానీ హిసాబ్ సీదా: అడుగున పూడిక ఎంత పెరిగితే, తలాబ్ పట్టే నీళ్లు అంత తగ్గుతాయి. పట్టని నీళ్లు వచ్చేది మన గడపలోకే.

ఇలాజ్ కష్టమైంది కాదు. మట్టి పని బారిష్‌కు ముందే ముగించాలి. ఒడ్డు వెంట మట్టిని ఆపే గుడ్డ కంచె కట్టాలి. వాననీరు నేరుగా తలాబ్‌లోకి పోకుండా గుంతల్లో తేర్చి వదలాలి. పిల్లర్ల కోసం తవ్విన బురదను ట్యాంకర్లలో తరలించాలి. వాలు మీద వెంటనే గడ్డి నాటాలి. పని కాగానే మల్బా మొత్తం తీసేయాలి. నిర్మాణ వ్యర్థాల మీద 2016 నుంచే కేంద్రం రూల్స్ ఉన్నాయి. ఇవన్నీ టెండర్‌లోనే రాసి, అమలైతేనే బిల్లు ఇవ్వాలి. లేకపోతే కాగజ్ మీదే ఉండిపోతాయి.

మన దీన్ ఈ విషయంలో ఖామోష్‌గా లేదు. దారిలోంచి హాని కలిగించే వస్తువును తీసేయడం సదఖా అన్నారు హుజూర్ (స). నీటి రేవుల్లో, జనం నడిచే దారిలో, నీడలో మలవిసర్జన చేయడం లానత్ తెచ్చే పనులని హెచ్చరించిందీ ఆయనే. దారి, నీళ్లు రెండూ ఒకే హదీసులో వచ్చాయి. ఒకదాన్ని బాగుచేసే బహానాతో రెండోదాన్ని పాడుచేసే ఇజాజత్ మనకెక్కడిది?

తప్పు మన వైపూ ఉంది. ఇల్లు పడగొట్టిన మల్బాను రాత్రికి రాత్రి తలాబ్ ఒడ్డున పోయించేది ఎవరు? ముందు అది మానాలి. తర్వాత జుమా నమాజ్ అయ్యాక నలుగురు కలిసి పని జాగాకు వెళ్లండి. మట్టి నీళ్లలోకి పోతుంటే ఫోటో తీసి, కార్పొరేటర్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి దర్ఖాస్తు పెట్టండి. ఝగడా వద్దు, సవాల్ చాలు.

రేపు ఆ బ్రిడ్జి మీద మన పిల్లలు వెళ్తూ కిందికి చూస్తే, అక్కడ నీళ్లు కనిపించాలి. ఇన్‌షా అల్లాహ్.