రాయికి మన పేరు పెట్టారు, లెక్కలో మన ఊటను మరిచారు

బొర్రా గుహలకు వెళ్ళిన వాళ్ళెవరైనా ఈ మాట వినే ఉంటారు. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన ఒక తెల్లదొర ఈ గుహల్ని కనిపెట్టాడట. గైడ్లు చెప్తారు, టూరిజం వెబ్‌సైట్లలో ఉంటుంది. చిన్నప్పుడు నేనూ బట్టీ పట్టాను. డిగ్రీకొచ్చాక తెలిసింది, ఆ సంస్థ పుట్టిందే 1851లో అని. ఇంకా పుట్టని సంస్థ 44 ఏళ్ళ ముందే గుహను ఎలా కనిపెట్టిందని ఎవరూ అడగలేదు. అక్కడి ఊళ్ళలో పెద్దలు చెప్పే కథ వేరు. మేస్తున్న ఆవు పైకప్పు కన్నంలోంచి లోపలికి పడిపోయింది, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి గుహ కనబడింది. గోస్తనీ నదికి ఆ పేరు కూడా ఆ ఆవు వల్లే వచ్చిందంటారు. దొర పేరు అందరికీ నోటికొచ్చు. కాపరి పేరు ఎవరికీ తెలీదు.

ఇంకో పేరు సంగతి చూద్దాం. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో ఎక్కువగా కనిపించే రాయిని జియాలజీ పుస్తకాల్లో ఖోండలైట్ అంటారు. 1902లో కలహండి ప్రాంతం మీద రాసిన వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖోండు ఆదివాసుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టాడు. వాళ్ళే మన దగ్గర కోదులు. మన కొండల్లోనే ఇంకో రాయి ఉంది, చార్నొకైట్. అది ఈస్టిండియా కంపెనీ ఏజెంటు జాబ్ చార్నొక్ పేరు. కలకత్తాలో ఆయన సమాధి రాయి అదే రకం కాబట్టి ఆ పేరు. అంటే దొరకి సమాధి దక్కింది, దాని వల్ల రాయికి పేరొచ్చింది. కోదులకి రాయి మీద పేరు దక్కింది. ఆ రాయి మీద హక్కు మాత్రం ఇంకా దక్కలేదు.

ఇవన్నీ పాత ముచ్చట్లు కదా, ఇప్పుడెందుకు అనుకోవద్దు. మన కొండల గురించి ప్రభుత్వం ఏం చదువుతుంది, ఏం చదవకుండా వదిలేస్తుంది, చదివింది ఎవరికి చెప్తుంది అన్నదే నా ప్రశ్న. మనం తినే తిండి, తాగే నీళ్ళు, పడుకునే ఇల్లు ఈ మూడు ప్రశ్నల మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు ఏం చదివారో చూద్దాం. తూర్పు కనుమల్లో బాక్సైట్ ఎంతుందో 1970ల నుంచి లెక్కలు తీశారు. గాలికొండ, రక్తకొండ, సప్పర్ల, జెర్రెల, గుర్తేడు అని కొండ కొండకీ ఫైలు ఉంది. ఎంత మందం, ఎంత శాతం అల్యూమినా, ఎంత సిలికా అన్నీ రాసి ఉన్నాయి. ఆ లెక్కల మీదే ఒప్పందాలు జరిగాయి. ఆ లెక్కల మీదే 2015 నవంబరులో జీఓ 97 వచ్చి 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్‌కి ఇచ్చింది. మన్యం అంతా రోడ్డెక్కితే గానీ అది ఆగలేదు, 2019లో రద్దయింది. జీఓ రద్దయింది కానీ బాక్సైట్ అక్కడే ఉంది, ఫైళ్ళూ అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు చదవనిది చూద్దాం. ఆ బాక్సైట్ టోపీలా కూర్చున్న కొండలే మనకి నీళ్ళిస్తున్నాయి. ఇది నమ్మకం కాదు, జియాలజీ. కొండ నెత్తిన ఉన్న లేటరైట్, బాక్సైట్ పొర చిల్లులు చిల్లులుగా ఉంటుంది. వానని స్పాంజిలా పీలుస్తుంది. దాని కింద కుళ్ళిన ఖోండలైట్, తెల్లమట్టి పొర ఉంటుంది. నీరు అందులోంచి తేలిగ్గా కిందికి దిగదు. పక్కకి జారి కొండ వాలులో ఎక్కడో ఊటగా బయటకొస్తుంది. ఆ ఊటే గెడ్డ అవుతుంది, పల్లపు పొలం తడుపుతుంది, కిందికి పోయి గోస్తనీ అవుతుంది, తాటిపూడి రిజర్వాయర్ నిండుతుంది, విశాఖ నగరం తాగుతుంది. కాబట్టి ఇది మన ఒక్కరి గొడవ కాదు. విశాఖలో కుళాయి తిప్పే వాళ్ళ గొడవ కూడా.

మరి ఈ నీటి లెక్క ఎక్కడ? దేశంలో భూగర్భ జలాల అంచనాకి కేంద్రం 2015లో సవరించిన పద్ధతి ఒకటుంది. అందులో మొదటి మెట్టులోనే, 20 శాతం కంటే ఎక్కువ వాలు ఉన్న కొండ ప్రాంతాన్ని విస్తీర్ణంలోంచి తీసేస్తారు. అక్కడ నీరు ఇంకదు, జారిపోతుంది అని కారణం. మన ఏజెన్సీలో ఆ వాలు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? లోయలు మిగులుతాయి. ఆ లోయల్లో ఏడాదికి ఎంత నీరు చేరుతుంది, ఎంత తోడుతున్నారు అని భాగిస్తారు. 70 శాతం లోపు తోడితే ఆ మండలం 'సేఫ్'. మన దగ్గర బోర్లు తక్కువ, కరెంటు మోటార్లు ఇంకా తక్కువ. తోడేవాడే లేకపోతే సేఫ్ కాక ఇంకేమవుతుంది?

అంటే మ్యాపులో మన మండలం పచ్చగా ఉంటుంది. అదే మండలంలో ఏప్రిల్ నెలలో మన అక్కలు, అమ్మలు రెండు బిందెలతో కొండ దిగి ఎక్కుతుంటారు. ఆ మ్యాపు అబద్ధం అని నేననడం లేదు. అది వేరే ప్రశ్నకి జవాబు. బోరు నీళ్ళ ప్రశ్నకి జవాబు. మన ప్రశ్న ఊట. దాన్ని ఎవరూ అడగలేదు.

రెండేళ్ళ క్రితం మా పక్క ఊరి కొండ మీదికి జీపులొచ్చాయి. మెషీన్ దింపారు, నాలుగైదు చోట్ల తవ్వారు, గొట్టంలా ఉన్న రాతిముక్కల్ని పెట్టెల్లో సర్దుకున్నారు, నంబరు రాసిన సిమెంటు దిమ్మ పాతి వెళ్ళిపోయారు. మా మామ వెళ్ళి, "ఏంటి బాబూ ఇది?" అని అడిగితే "ఊరికే టెస్టింగ్" అన్నారట. ఆ తర్వాత నేను ఒక ఆఫీసుకి వెళ్ళి మా పంచాయతీలో ఎన్ని ఊటలున్నాయో రికార్డు ఇమ్మని అడిగాను. అలాంటి రికార్డు ఉండదు అన్నారు. రాయికి నంబరుంది, దిమ్మకి నంబరుంది, మా ఊటకి లేదు.

ప్రమాదాల సంగతి కూడా ఇంతే. కొండచరియల అధ్యయనానికి దేశంలో నోడల్ ఏజెన్సీ జియలాజికల్ సర్వేనే. 2014లో మొదలుపెట్టి, చరియలు విరిగే అవకాశమున్న సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్ల మ్యాపింగ్ చేశారు. అందులో అరకు వైపు తూర్పు కనుమలు కూడా ఉన్నాయి, సుమారు 10 వేల చదరపు కిలోమీటర్లు. మంచి పనే, మెచ్చుకోవాలి. కానీ ఆ మ్యాపు స్కేలు 1:50,000. అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. వంద మీటర్లున్న మన గూడెం అందులో రెండు మిల్లీమీటర్లు. జిల్లాకి పనికొస్తుంది, ఏ ఇల్లు ఖాళీ చేయాలో చెప్పదు.

2024 జులైలో కలకత్తాలో జాతీయ కొండచరియల హెచ్చరిక కేంద్రం పెట్టారు, మొబైల్ యాప్ కూడా తెచ్చారు. అదే నెల 30న వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయాయి. 200 మందికి పైగా చనిపోయారు. అక్కడ ఒక స్థానిక పర్యావరణ సంస్థ ఊరూరా వానమాపకాలు పెట్టి, జనంతోనే రోజూ లెక్క రాయిస్తోంది. ఆ లెక్కలు చూసి ముందు రోజే ప్రమాదం ఉందని అధికారులకి చెప్పింది కూడా. ఊరివాళ్ళు రాసిన వాన లెక్కకి పెద్ద సంస్థ రిపోర్టుకిచ్చే విలువ ఇచ్చి ఉంటే ఎంతమంది బతికేవాళ్ళో ఆలోచించండి. ఆ సెప్టెంబరులోనే మన గూడెం కొత్తవీధి మండలంలోనూ కొండ విరిగి ఇళ్ళ మీద పడింది. డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో భూమి కంపించింది, హైదరాబాద్ దాకా తెలిసింది. మేడారం వైపు కోయ గూడేల్లో ఆ రోజు తిరిగినవి ఎక్కువ వాట్సాప్ ఫార్వర్డులే. సైన్సు మన భాషలో రాకపోతే ఆ ఖాళీలోకి పుకారు వస్తుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ఇప్పుడు కొండల మీదికి రెండు రకాల పనులొస్తున్నాయి. ఒకటి, ఖనిజాల అన్వేషణ. దానికి ప్రత్యేకంగా ట్రస్టు ఉంది, గనుల లీజుదారులు కట్టే రాయల్టీ మీద 3 శాతం దానికి వెళ్తుంది. ఊటల సర్వేకి అలాంటి నిధి ఉందా? 2023లో అటవీ సంరక్షణ చట్టం సవరించి, అడవిలో సర్వే, అన్వేషణ పనుల్ని అటవీయేతర పనిగా లెక్కించకుండా మినహాయించే అధికారం కేంద్రం తీసుకుంది. పెసా చట్టంలో గ్రామసభ ముందస్తు సిఫారసు తప్పనిసరి అని రాసింది చిన్నతరహా ఖనిజాలకే. బాక్సైట్ అందులోకి రాదు. రెండోది, పంప్డ్ స్టోరేజ్ కరెంటు ప్రాజెక్టులు. ఎర్రవరం, పెదకోట, గుజ్జిలి, చిట్టంవలస పేర్లు మీరు వింటూనే ఉన్నారు. కింద ఒక చెరువు, కొండ మీద ఒక చెరువు, మధ్యలో కొండని తొలిచిన సొరంగం. రాయిలో నీరు నడిచేది పగుళ్ళలోంచి. సొరంగం ఆ పగులుని కోస్తే, ఊటకి వెళ్ళాల్సిన నీరు సొరంగంలోకి పోతుంది. ఏ సొరంగం ఏ ఊటని కోస్తుందో చెప్పే ఊట మ్యాపు లేకుండా మన గ్రామసభ దేనికి అవునని చెప్పాలి, దేనికి కాదని చెప్పాలి?

రేపు ఊట ఎండిపోయాక మనం కోర్టుకెళ్తే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "ముందు ఎంత వచ్చేది?" మన దగ్గర కాగితం ఉండదు. కాగితం లేని ఊట కోర్టులో అసలు లేనట్టే. బొర్రా చుట్టూ గనుల మీద పోరాడి 1997 జులై 11న సమత తీర్పు తెచ్చుకున్న మన పెద్దలు, నినాదంతో పాటు భూమి రికార్డులు కూడా పట్టుకుని వెళ్ళారు. అది మర్చిపోవద్దు.

మన సంఘంలోనే కొందరు అన్నలు అంటారు, "సర్వే అంటేనే దోపిడీకి మొదటి అడుగు, వాళ్ళని కొండెక్కనివ్వొద్దు, మన ఊటల గురించి ఎవరికీ చెప్పొద్దు" అని. ఆ భయం నాకు అర్థమవుతుంది. మన కొండల చరిత్ర అంతా ఆ భయానికి సాక్ష్యమే. కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. మనం చెప్పకపోయినా శాటిలైట్ చూస్తూనే ఉంటుంది. దాచేస్తే మనకే తెలియకుండా పోతుంది, వాళ్ళకి కాదు. పైగా ప్రభుత్వ సంస్థల్లో పనిచేసే శాస్త్రవేత్తలు మన శత్రువులు కాదు. ఊట ఎందుకు ఎండుతుందో, ఏ వాలు ప్రమాదమో చెప్పగలిగే విద్య వాళ్ళ దగ్గరుంది. మనకి ఆ విద్య కావాలి. వద్దనేది, మనల్ని అడగకుండా వచ్చి, మనకి చెప్పకుండా వెళ్ళిపోయే పద్ధతిని.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. షెడ్యూల్డ్ ఏరియాలో ఏ భూగర్భ సర్వే అయినా, ఏ ఖనిజానికైనా, ముందు గ్రామసభకి వచ్చి ఏం వెతుకుతున్నారో చెప్పాలి. పని అయ్యాక రిపోర్టు సారాంశం తెలుగులో, వీలైతే కువి, కోయ, ఆదివాసీ ఒడియాల్లో గ్రామసభలో చదివి వినిపించాలి. ఏజెన్సీ మండలాల్లో భూగర్భ జలాల అంచనాతో పాటు ఊటల లెక్క విడిగా తీయాలి. ప్రమాదం ఉన్న గూడేలకి పెద్ద స్కేలు మ్యాపులు గీయాలి, వానమాపకాలు పెట్టాలి, వాటిని చదివే పని స్థానిక యువతకి జీతమిచ్చి అప్పగించాలి. సిక్కింలో 2008లో ధారా వికాస్ మొదలుపెట్టినప్పుడు స్థానికులకే భూగర్భ జల శాస్త్రం నేర్పించి, ఊటల పైవాలులో కందకాలు తవ్వి, ఎండిన ఊటల్ని తిరిగి పారించారు. అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

వాళ్ళొచ్చేదాకా మనం ఆగక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 నీటి వనరుల్ని, వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. దానికి కావాల్సిన పరికరం ఒక బకెట్, ఒక ఫోను. 10 లీటర్ల బకెట్ ఊట కింద పెట్టండి, ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 40 సెకన్లయితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకి 21,600 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు. అంటే ఆ ఒక్క ఊట 390 మందికి సరిపోతుంది. అదే బకెట్ వేసవిలో 100 సెకన్లు తీసుకుంటే 157 మందికే. ఈ తేడాయే మన సాక్ష్యం. నెలకోసారి, ఒకే తారీఖున కొలవండి. ఊట పేరు, మీ అవ్వ దాన్ని పిలిచే పేరే రాయండి. ఏ వాడ వాళ్ళు తాగుతున్నారు, ఎప్పుడైనా ఎండిందా అని పెద్దల్ని అడిగి రాయండి. నీళ్ళు ఒక్కసారిగా బురదగా మారినా, వాలు మీద కొత్త పగులు కనబడినా, చెట్లు ఒరిగినా వెంటనే రాయండి, ఊళ్ళో చెప్పండి. అవి కొండ జారే ముందు కనిపించే గుర్తులు. ఆరు నెలలకోసారి ఆ రిజిస్టర్‌ని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. అసలు పుస్తకం ఊళ్ళోనే ఉంచండి, బయటకి కాపీయే ఇవ్వండి. ఏ వివరం ఎవరికివ్వాలో గ్రామసభ నిర్ణయిస్తుంది.

మా ఊళ్ళో ఈ మార్చిలో మొదలుపెట్టాం. నలుగురు డిగ్రీ పిల్లలం, ఇద్దరు అవ్వలు. ఇప్పటికి పదకొండు ఊటలు రాశాం. అందులో మూడింటి సంగతి నాకు తెలియనే తెలియదు, ఆ ఊళ్ళో పుట్టి పెరిగి కూడా. అవ్వకి తెలుసు.

మీ ఊళ్ళో ఎన్ని ఉన్నాయి? కామెంట్లలో చెప్పండి, సంఖ్య చాలు, చోటు రాయొద్దు.

జల్, జంగల్, జమీన్! జై ఆదివాసీ!